తిరిగి మొలవని కండ

ఆదివారం కదా! ఈ పేజీ మీ చేతికి వచ్చేసరికే వీధి చివర మటన్ కొట్టు ముందు జనం పోగై ఉంటారు. సంచీ పట్టుకుని నిలబడ్డ పెద్దాయన 'అరకిలో తొడ కొట్టు, కాస్త బోటీ వెయ్యి, గుండెకాయ ఉంటే అదీ పెట్టు' అంటాడు. శాకాహారులు క్షమించాలి గానీ, ఇంటర్ బైపీసీ పిల్లలు పరీక్షకు ముందు రాత్రి బట్టీపట్టే ఓ పాఠం మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. తొడ మాంసం చారల కండరం. బోటీలో పేగును కదిలించే పొర నునుపు కండరం. గుండెకాయ గుండె కండరం. మేకకైనా మనిషికైనా కండ ఈ మూడు రకాలే, నాలుగోది లేదు. (కార్జం కూడా అడుగుతారు కొందరు. అది అసలు కండే కాదు.)

కొట్టతనికి ఈ పేర్లు తెలియకపోవచ్చు. తేడా మాత్రం అతని చేతికి బాగా తెలుసు. తొడ ముక్క పోగుల వెంట చీలుతుంది. బోటీ రబ్బరులా సాగుతుంది. గుండెకాయలో పోగు ఎటునుంచి ఎటు పోతోందో అంతుపట్టదు, కొమ్మలు కొమ్మలుగా విడిపోయి మళ్ళీ కలిసిపోయినట్టు గట్టిగా అల్లుకుని ఉంటుంది.

సూక్ష్మదర్శిని కింద పెడితే కారణం కనిపిస్తుంది. తొడ కండరంలో ఒక్కో కణం ఓ పొడవాటి దారం. మామూలు కణానికి ఒకటే కేంద్రకం ఉంటే, దీనికి వందల్లో ఉంటాయి. నిలువునా దారం, దానిమీద బనీను చారల్లా అడ్డగీతలు... అందుకే ఆ పేరు. పేగు కండరంలో ఆ చారలు ఉండవు. రెండు కొసలూ సన్నగా, నడుమ లావుగా, కదురులాంటి చిన్నచిన్న కణాలు. గుండె కండరం ఈ రెంటికీ మధ్య రకం. చారలేమో తొడ కండరానివి, స్వభావమేమో పేగుది. చారలున్నాయి కదా అని మన మాట వింటుందనుకుంటే పొరపాటే. 'కాసేపు ఆగవమ్మా' అంటే ఆగదు.

పాఠ్యపుస్తకాల్లో తొడ, చేయి, వీపు కండరాలను నియంత్రిత కండరాలనీ, పేగుల్లోవాటిని అనియంత్రిత కండరాలనీ రాస్తారు. అంటే మన చెప్పుచేతల్లో ఉండేవి, ఉండనివి. అది అంత కచ్చితమైన గీతేమీ కాదు. ఎక్కిళ్ళు వచ్చేటప్పుడు ఎగిరిపడే ఉదరవితానం మన మాట వినాల్సిన కండరమే. అర్ధరాత్రి పట్టేసే పిక్కా అంతే. చలికి గడగడా వణికే దవడను ఆపి చూడండి!

ఈ మూడు రకాలకూ మధ్య అసలు తేడా వాటి రూపంలోనో, అవి చేసే పనిలోనో కాక మరోచోట ఉందని నాకనిపిస్తుంది. దెబ్బ తగిలితే ఏం చేస్తాయన్న దగ్గర! అక్కడికి వెళ్ళేముందు, అసలు కండ ఎలా బిగుస్తుందో రెండు ముక్కలు చెప్పుకుందాం. అందులో మన భీమవరం వాటా కూడా ఉంది.

భీమవరం నుంచి బోస్టన్ దాకా

రెండు చేతుల వేళ్ళనూ ఎదురెదురుగా పెట్టి, ఒకదాని సందుల్లోకి మరోదాన్ని జొనపండి. వేళ్ళ పొడవు తగ్గలేదు, చేతులు మాత్రం దగ్గరయ్యాయి. కండ బిగుసుకోవడమంటే అదే. మయోసిన్ అనే లావు దారాలు, ఆక్టిన్ అనే సన్న దారాలు ఒకదాని పక్కనుంచి ఒకటి జారతాయి. 1954లో 'నేచర్' పత్రిక ఒకే సంచికలో ఈ సంగతి చెప్పే వ్యాసాలు రెండు పక్కపక్కనే వచ్చాయి. ఒకటి ఆండ్రూ హక్స్‌లీ, రాల్ఫ్ నీడెర్‌గెర్కె రాసింది. రెండోది హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్‌లది. ఇద్దరు హక్స్‌లీలకూ ఇంటిపేరు ఒకటే గానీ చుట్టరికం లేదు!

మరి ఈ జారుడుకు ఇంధనం? ఆ లెక్క తేల్చినవాళ్ళలో ఒకరు 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్ళి, హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్ దగ్గర చేరారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రకటించారు. దాన్నే కండరం మీద ప్రయోగిస్తే 1927లో ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది, 1929లో ఏటీపీ దొరికింది. (అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా ఏటీపీని విడిగా కనిపెట్టారు.) కండ పనిచేయడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమని శాస్త్రవేత్తలు నమ్ముతున్న రోజులవి. ఆ దారిలో పనిచేసిన ఆర్చిబాల్డ్ హిల్, ఒటో మేయర్‌హాఫ్‌లకు 1922 నోబెల్ బహుమతి కూడా దక్కింది. ఆ నమ్మకం పునాది కదిలింది భాస్వరం లెక్కతోనే.

బస్సు కదిలిపోతోందని ఒక్కసారిగా పరుగందుకున్నారనుకోండి. కండలో అప్పటికే ఉన్న ఏటీపీ రెండు మూడు సెకన్లకే అయిపోతుంది. వెంటనే ఫాస్ఫోక్రియాటిన్ రంగంలోకి దిగి ఇంకో కొన్ని సెకన్లు నడిపిస్తుంది. ఆ తర్వాతే చక్కెర, ఊపిరి, ఆయాసం! జిమ్ముల్లో కుర్రాళ్ళు డబ్బాలు డబ్బాలుగా కొనే క్రియాటిన్ పొడి దీని ముడిసరుకే. ఆ డబ్బామీద ఎవరెవరి బొమ్మలో ఉంటాయి, భీమవరం ఆయన బొమ్మ తప్ప.

బిగుసుకున్న దారాలు విడిపోవాలన్నా ఏటీపీయే కావాలి. ప్రాణం పోయాక ఏటీపీ తయారుకాదు, దారాలు విడిపోవు. శరీరం కట్టెలా బిగుసుకుపోవడానికి కారణం అదే. మనిషి పోగానే పెద్దవాళ్ళు చేతులూ కాళ్ళూ సరిచేసి, కాలి బొటనవేళ్ళు కలిపి కట్టేస్తారు చూశారా! ఆలస్యమైతే ఆ పని సాగదని వాళ్ళకు అనుభవం చెప్పింది.

ముద్ద నోట్లో ఉన్నంతవరకే మీది

నునుపు కండరాల గురించి మనం మాట్లాడుకునేదే తక్కువ. ఎగ్జిబిషన్‌కు పెట్టే కండ కాదు కదా! కానీ అన్నం ముద్ద నోట్లో ఉన్నంతవరకే మీ ఇష్టం. అన్నవాహిక పైభాగంలో ఉన్నవి చారల కండరాలు, కిందికి పోయేకొద్దీ నునుపు కండరాలు. గుటక వేశాక 'వద్దు, వెనక్కి' అనడానికి వీల్లేదు. తలకిందులుగా వేలాడుతూ మింగినా ముద్ద కడుపులోకే వెళుతుంది. ఒంటిమీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నా, కంటి డాక్టరు చుక్కలు వేస్తే పాప పెద్దదయ్యి వెలుతురు భరించలేకపోయినా, ఉబ్బసం రోగికి ఊపిరి గొట్టాలు బిగుసుకుని పిల్లికూతలు వచ్చినా, అన్నింటి వెనకా ఈ కండరాలే. ఇన్‌హేలర్ పీల్చిన నిమిషాల్లో ఆయాసం తగ్గుతోందంటే, ఆ మందు వెళ్ళి ఆ కండరాలను వదులు చేసిందన్నమాట.

వీటికి తొందర తెలీదు. నెమ్మదిగా బిగుసుకుంటాయి, బిగుసుకున్నాక అతి తక్కువ ఇంధనంతో అలాగే గంటల తరబడి నిలబడగలవు. తొడ కండరానికి ఈ విద్య రాదు. గోడకుర్చీ వేసిన ప్రతి విద్యార్థికీ ఈ విషయం తెలుసు.

గర్భసంచి గోడంతా ఈ కండే. మామూలప్పుడు 70 గ్రాములకు మించదు. నెలలు నిండేసరికి కిలో బరువుకు చేరుతుంది. కాన్పయ్యాక ఆరు వారాల్లో దాదాపు మళ్ళీ పాత కొలతకే వచ్చేస్తుంది. పురిటి ఇంట్లో అందరూ పసిబిడ్డ బరువు గురించే మాట్లాడతారు గానీ, తల్లి కడుపులో కిలో కండ పెరిగి తరిగిన సంగతి ఎవరికీ తట్టదు.

దెబ్బ తగిలితే...

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. కాలి కండ చీలింది, లేదా కబడ్డీలో నలిగింది. నాలుగు వారాలో ఆరు వారాలో విశ్రాంతి తీసుకుంటే చాలావరకు కోలుకుంటుంది. ఎలా? 1961లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో అలెగ్జాండర్ మౌరో అనే శాస్త్రవేత్త కప్ప కాలి కండను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూస్తూ, ప్రతి పోగునూ అంటిపెట్టుకుని చిన్న కణాలు నిద్రపోతున్నట్టు పడి ఉండటం గమనించారు. వాటికి ఉపగ్రహ కణాలని పేరు పెట్టారు. పోగు దెబ్బతినగానే అవి నిద్రలేచి, రెండవుతాయి, నాలుగవుతాయి, పాత పోగులో కలిసిపోయి మరమ్మతు చేస్తాయి. మళ్ళీ కొన్ని నిద్రలోకి జారుకుంటాయి, వచ్చేసారి కోసం. ఊళ్ళో చెరువు గట్టుకు గండి పడితే పలుగూ పారా పట్టుకుని వచ్చేవాళ్ళలాగన్నమాట.

అయితే గండి పూడ్చేవాళ్ళు ఉన్నారు కదా అని గట్టును ఎండబెట్టకూడదు. ముప్పై ఏళ్ళు దాటాక వాడని కండ పదేళ్ళకు 3 నుంచి 8 శాతం చొప్పున తరుగుతుందని అంచనా, అరవై దాటితే ఆ వేగం ఇంకా పెరుగుతుంది. మంచాన పడ్డ ముసలివాళ్ళకైతే వారం, పది రోజులకే తొడలు సన్నబడిపోవడం మనం చూస్తూనే ఉంటాం. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవలేకపోవడం, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాక ఎవరో చెయ్యి అందిస్తేగానీ లేవలేకపోవడం... వీటిని 'వయసు కదా' అని కొట్టిపారేస్తాం. మోకాళ్ళ అరుగుదల అనుకునేదాంట్లో కొంత తొడ కండ తరుగుదలే. మంచి సంగతేమిటంటే, డెబ్భై ఏళ్ళ వయసులో మొదలుపెట్టినా ఈ కండ వ్యాయామానికి స్పందిస్తుంది.

నునుపు కండరానిది ఇంకో దారి. దానికి కూలీలు అక్కర్లేదు, తనే రెండుగా చీలి పెరిగిపోతుంది. ఒక్కోసారి అవసరానికి మించి పెరుగుతుంది. అదే చిక్కు. 1977 సెప్టెంబరులో జ్యూరిచ్‌లో ఆండ్రియాస్ గ్రూన్‌జిగ్ అనే డాక్టరు, మెలకువగా ఉన్న రోగి గుండె రక్తనాళంలోకి బుడగ పంపి పూడికను తెరిచారు. యాంజియోప్లాస్టీ అలా మొదలైంది. కానీ తెరిచిన నాళాల్లో దాదాపు మూడోవంతు కొన్ని నెలల్లోనే మళ్ళీ మూసుకుపోయేవి. అందుకు ఒక ముఖ్య కారణం గాయపడ్డ నాళం గోడలోని నునుపు కండర కణాలే. మాన్పుదామని ఎగబడి పెరిగి, దారినే మూసేసేవి. స్ప్రింగు పెట్టినా దాని సందుల్లోంచి లోపలికి పెరిగాయి. చివరికి ఆ పెరుగుదలను ఆపే మందు పూసిన స్టెంట్లు వచ్చాయి. 2003లో అమెరికా అనుమతించిన తొలి మందుపూత స్టెంటు మీద పూసిన సిరోలిమస్, పసిఫిక్ సముద్రం నడుమ ఉన్న ఈస్టర్ ద్వీపం మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీసింది! స్టెంటు వేయించుకున్న మన చుట్టాల్లో ఎందరికి తెలుసో గానీ, వాళ్ళ ఛాతీలో చేపట్టిన పని నునుపు కండ అత్యుత్సాహాన్ని అదుపులో పెట్టడం.

ఇక మిగిలింది గుండె. దానికి నిద్రలేచే కూలీలు లేరు. తనే రెండుగా చీలి పెరిగే అలవాటూ దాదాపు లేదు.

ఈ 'దాదాపు'ను తేల్చిన పద్ధతి చిత్రంగా ఉంటుంది. 1955 నుంచి 1963 దాకా అమెరికా, సోవియట్ యూనియన్ తదితర దేశాలు గాలిలోనే అణుబాంబులు పేల్చి పరీక్షించాయి. దాంతో వాతావరణంలో రేడియోధార్మిక కర్బనం బాగా పెరిగింది. 1963 ఒప్పందం తర్వాత ఏటా తగ్గుతూ వచ్చింది. కణం పుట్టేటప్పుడు దాని డీఎన్‌ఏలో ఆనాటి గాలిలోని కర్బనమే చేరుతుంది కాబట్టి, అది కణానికి జనన ధ్రువపత్రం లాంటిది. స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థలో యోనాస్ ఫ్రీసెన్ బృందం దీన్ని ఆసరా చేసుకుని, చనిపోయినవాళ్ళ గుండె కణాల వయసు లెక్కగట్టింది. 2009లో వచ్చిన ఫలితం ఇది: పాతికేళ్ళ వయసులో ఏడాదికి సుమారు ఒక్క శాతం గుండె కండర కణాలు మాత్రమే కొత్తగా వస్తాయి. డెబ్భై అయిదేళ్ళకు అది అర శాతం కన్నా తక్కువ. నిండు జీవితం బతికినా సగానికి పైగా కణాలు పుట్టినప్పటివే!

అమ్మ కడుపులోంచి తెచ్చుకున్న ఆ కణాలతోనే గుండె నిమిషానికి 72 సార్ల లెక్కన రోజుకు లక్షకు పైగా కొట్టుకుంటుంది. రోజుకు ఏడు వేల లీటర్ల రక్తాన్ని తోస్తుంది. వేసవిలో కాలనీకి వచ్చే అయిదు వేల లీటర్ల ట్యాంకరు ఒకటి నిండి, రెండోది సగానికి దగ్గరపడేంత! అలసిపోదా అంటే, దాని పనివేళలే అలా ఉన్నాయి. ఒక్కో స్పందనకు 0.8 సెకను పడితే, అందులో బిగుసుకునేది 0.3 సెకను, వదులుగా ఉండేది 0.5 సెకను. ఒకసారి బిగుసుకున్నాక పూర్తిగా వదులయ్యేవరకు మరో ఆజ్ఞను దాదాపు వినిపించుకోదు. పిక్క పట్టేసినట్టు గుండె పట్టేయకపోవడానికి కారణం అదే.

నిమిషాల లెక్క

ఇలాంటి కండకు రక్తం తెచ్చే నాళం ఉన్నట్టుండి మూసుకుపోతే గుండెపోటు. ఇరవై, నలభై నిమిషాలు గడిచేసరికి కణాలు చావడం మొదలవుతుంది. అది లోపలి పొరలో మొదలై బయటి పొరవైపు పాకుతుంది. ఆరు గంటలు దాటితే ఆ నాళం పరిధిలో కాపాడుకోవడానికి మిగిలేది కొంచెమే. పెద్ద గుండెపోటులో వంద కోట్ల దాకా కణాలు పోవచ్చు. అక్కడ కొత్త కండ రాదు, మచ్చ వస్తుంది. కాలిమీద మచ్చ చూడ్డానికే బాగోదు, గుండెమీది మచ్చ బిగుసుకోదు. దాని వాటా పని కూడా పక్క కణాలే మోయాలి. అవి సంఖ్యలో పెరగలేవు కాబట్టి లావెక్కుతాయి, సాగుతాయి. ఎకో రిపోర్టులో 'ఈఎఫ్' అని ఓ అంకె ఉంటుంది. ప్రతి స్పందనలోనూ ఎడమ గదిలోని రక్తంలో ఎంత శాతం బయటికి తోస్తోందో చెప్పే లెక్క. మామూలుగా 55 నుంచి 70 మధ్య ఉంటుంది. గుండెపోటు తర్వాత అది 35 అనో, 30 అనో కనిపిస్తే, పోయిన కండ ఎంతో అందులో తెలుస్తుంది.

నిమిషాల విలువ ఎంతో 1986లో ఇటలీ వైద్యులు లెక్కగట్టి చూపించారు. పదకొండు వేలకు పైగా గుండెపోటు రోగుల్లో సగంమందికి గడ్డను కరిగించే స్ట్రెప్టోకైనేజ్ ఇంజెక్షన్ ఇచ్చారు. నొప్పి మొదలైన గంటలోపే మందు అందినవారిలో, అందనివారితో పోలిస్తే, ఆసుపత్రి మరణాలు దాదాపు సగం తగ్గాయి. మూడు గంటలలోపు అందితే నాలుగోవంతు దాకా తగ్గాయి. ఆరు గంటలు దాటాక ఇచ్చినవారిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. మందు ఒకటే, మోతాదు ఒకటే... మారింది గడియారం. ఆ తర్వాత మందులు మెరుగయ్యాయి, స్టెంట్లు వచ్చాయి. ఇప్పుడు పన్నెండు గంటల దాకా కూడా నాళం తెరుస్తారు. గడియారం మాత్రం అప్పటిలాగే తిరుగుతోంది.

మరి ఆ మొదటి గంట మన ఇళ్ళలో ఏమవుతుంది? చాలా ఇళ్ళలో అది గ్యాసుకు పోతుంది! ఛాతీలో పట్టేసినట్టుంటే 'రాత్రి తిన్న పులిహోర పడలేదు' అంటాం. ఓ సోడా తాగిస్తాం, జీలకర్ర నీళ్ళు కాచి ఇస్తాం, వీపు రాస్తాం, గ్యాసు బిళ్ళ మింగిస్తాం. కాసేపు పడుకుంటే తగ్గుతుందంటాం. నవ్వాల్సిన సంగతి కాదు. పొరబడటానికి శరీరంలోనే కారణం ఉంది. గుండె నుంచి, అన్నవాహిక నుంచి నొప్పిని మోసుకొచ్చే నరాలు వెన్నుపాములో దాదాపు ఒకే చోటికి చేరతాయి. కబురు ఎక్కడినుంచి వచ్చిందో మెదడుకు తేల్చుకోవడం కష్టం. చేతిలోనో దవడలోనో నొప్పి అనిపించేదీ ఇలాగే. అన్నవాహికలోని నునుపు కండ పట్టేసినా అచ్చం గుండెనొప్పిలాగే ఉంటుంది. ఆఖరికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ బిళ్ళతో కూడా తేడా పట్టుకోలేం. అది నునుపు కండను వదులు చేసే మందు. గుండె నాళాల గోడలోదీ ఆ కండే, అన్నవాహికలోదీ ఆ కండే. 'బిళ్ళ పెడితే తగ్గింది, కాబట్టి గుండెనొప్పే' అనడానికీ లేదు, 'తగ్గలేదు, కాబట్టి గ్యాసే' అనడానికీ లేదు. త్రేన్పు వచ్చి హాయిగా అనిపించిందంటే గుండెకు ఏమీ కాలేదనీ కాదు.

కాబట్టి ఇంట్లో కూర్చుని తేల్చే పరీక్ష ఇది కాదు. ఛాతీ మధ్యలో బరువు, బిగుతు, చల్లటి చెమట, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, ఉన్నట్టుండి ఆయాసం... వీటిలో ఏది వచ్చి కొన్ని నిమిషాల్లో తగ్గకపోయినా 108కి ఫోన్ చేయాలి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఈ అంబులెన్సులు ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ తిరుగుతున్నాయి. స్కూటరు తీసుకుని తనే వెళ్ళిపోతానంటే ఒప్పుకోకండి. ఆస్ప్రిన్ బిళ్ళ నమలమని వాళ్ళు ఫోన్‌లో చెబితే నమిలించండి. పడదనో, రక్తస్రావం జబ్బుందనో తెలిస్తే ఆ మాట ముందే చెప్పండి. మధుమేహం ఉన్నవాళ్ళలో, ఆడవాళ్ళలో, వయసు మళ్ళినవాళ్ళలో నొప్పి తెలియకపోవచ్చు. నీరసం, వికారం, ఆయాసం మాత్రమే ఉండొచ్చు. 'అమ్మకు ఒంట్లో బాగోలేదు, వంటింట్లో ఎక్కువసేపు నిలబడింది' అని మనం సరిపెట్టుకునే కేసులు ఇవే.

ఆసుపత్రికి వెళ్ళాక పది నిమిషాల్లో ఈసీజీ తీయాలన్నది నియమం. మొదటి ఈసీజీ బాగుందని ఇంటికి పంపేస్తే, రెండోసారి ఎప్పుడు తీస్తారో అడగండి. రక్తంలో ట్రోపోనిన్ చూస్తారు. కండ పోగుల్లో ఉండాల్సిన ప్రోటీను అది, గుండె కణం చనిపోతే రక్తంలోకి కారుతుంది. కారడానికి కొంత వ్యవధి పడుతుంది కాబట్టే కొన్ని గంటలకు మళ్ళీ చేస్తారు. డబ్బుల కోసమని అనుకోవద్దు. ట్రోపోనిన్ రాకముందు ఎక్కువగా ఆధారపడిన పరీక్ష సీకే-ఎంబీ. ఫాస్ఫోక్రియాటిన్‌తో పనిచేసే ఎంజైము అది. సుబ్బారావు కండరంలో కనిపెట్టిన పదార్థం చుట్టూ తిరిగే ఎంజైమే దశాబ్దాలపాటు గుండెపోటును పట్టిచ్చింది. ఆయన మాత్రం 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే, న్యూయార్క్‌లో గుండె ఆగి కన్నుమూశారు.

చేపకు సాధ్యమైంది

ఇంత తెలిశాక ఎవరికైనా వచ్చే సందేహమే... గుండె కండను తిరిగి మొలిపించలేమా? ప్రకృతిలో మొలిపించుకునేవి ఉన్నాయి. గాజుతొట్టెల్లో పెంచుకునే చారల జీబ్రా చేప మన గంగ, బ్రహ్మపుత్ర ప్రాంతాల వాగుల్లోదే. దాని గుండెలో అయిదోవంతు కోసేసినా రెండు నెలల్లో మళ్ళీ పెరుగుతుందని 2002లో అమెరికాలో చూపించారు. 2011లో ఇంకా ఆశ్చర్యం... పుట్టిన మర్నాడు చుంచుపిల్ల గుండె కొసను కత్తిరిస్తే తిరిగి పెరిగింది. వారం వయసున్న పిల్లకు పెరగలేదు. అంటే పాలు తాగే జంతువులకూ ఆ విద్య ఉంది, ఏడు రోజుల్లో మరిచిపోతున్నాయి!

మనిషి విషయంలో కథ ఇంత శుభ్రంగా లేదు. ఎముక మజ్జ కణాలతో గుండె కండ పుడుతుందని 2001లో ఘనంగా ప్రకటించిన పియెరో అన్వెర్సా బృందం పని ఎన్నో ప్రయోగాలకు దారి తీసింది. వేరేవాళ్ళు చేసి చూస్తే అలా జరగలేదు. చివరికి 2018లో, ఆయన ప్రయోగశాల నుంచి వచ్చిన 31 పరిశోధన పత్రాల్లో తప్పుడు సమాచారం ఉందంటూ వెనక్కి తీసుకోవాలని హార్వర్డే పత్రికలకు సిఫారసు చేసింది. 'మూలకణాలతో కొత్త గుండె' అంటూ లక్షలు అడిగేవాళ్ళు ఎదురైతే ఈ సంగతి ఒకసారి గుర్తుచేసుకోండి. ప్రయోగశాలలో పెంచిన గుండె కణాలను అతికించే పరీక్షలు కొన్ని దేశాల్లో జరుగుతున్నాయి. నాకైతే వాటిమీద ఆశ ఉంది. బజారులో దొరికే వైద్యం మాత్రం కాదు ఇంకా.

పోయిన కండ రాకపోతే మిగిలినదాని మీద భారమైనా తగ్గించాలి కదా. ఈ పనికి పనికొచ్చేది మొదట చెప్పుకున్న తొడ కండే. ఒకప్పుడు గుండెపోటు వచ్చినవాళ్ళను ఆరువారాలు మంచం దిగనిచ్చేవారు కాదు. 1950ల మొదట్లో బోస్టన్‌లో శామ్యూల్ లెవైన్, బెర్నార్డ్ లోన్ అనే ఇద్దరు డాక్టర్లు రోగులను మొదటి రోజుల్లోనే కుర్చీలో కూర్చోబెడితే ఆసుపత్రిలో గగ్గోలు పుట్టింది. కూర్చోబెట్టినవాళ్ళు బాగానే కోలుకున్నారు, మంచానికి కట్టేయడంవల్ల వచ్చే రక్తపు గడ్డలు తగ్గాయి. ఇప్పుడైతే పెద్ద ఇబ్బందులేమీ లేకపోతే ఒకటి రెండు రోజుల్లోనే లేపి నడిపిస్తారు. సాధన చేసిన కాలి కండ అంతే రక్తంలోంచి ఎక్కువ ఆక్సిజన్ లాక్కుంటుంది. అదే మెట్లెక్కడానికి గుండె తక్కువసార్లు కొట్టుకుంటే సరిపోతుంది.

డాక్టరు సరేనన్నాక మొదట ఇంట్లోనే అయిదారు నిమిషాలు, రోజుకు రెండు మూడుసార్లు. ఇబ్బంది లేకపోతే కొద్దికొద్దిగా పెంచి వీధిలోకి. ఎంత వేగంగా నడవాలో చెప్పడానికి యంత్రం అక్కర్లేదు, పక్కన ఇంట్లోవాళ్ళు ఒకరు నడిస్తే చాలు. వాళ్ళతో మామూలుగా మాట్లాడగలుగుతుంటే వేగం సరిగ్గా ఉన్నట్టు. మాట మధ్యలో తెగుతుంటే తగ్గించాలి. ఛాతీలో బిగుతుగా అనిపిస్తే వెంటనే ఆగి కూర్చోవాలి.